నార్‌ఫోక్ హోటల్ చరిత్ర అంటే వేటగాళ్ల కథలేనా?

నైరోబీ_ప్రవాసి
ఉద్యోగరీత్యా నైరోబీలో ఉంటున్నాను. ఆఫీసుకు వెళ్లే దారిలో, హ్యారీ తుకు రోడ్డు మీద నార్‌ఫోక్ హోటల్ కనిపిస్తుంది. దాని గురించి తెలుసుకుందామని ప్రయాణ వ్యాసాలు చదివితే, ఎవరు రాసినా ఒకటే వరస. 1904 క్రిస్మస్ రోజున తెరిచారు, రూజ్‌వెల్ట్ వచ్చారు, ఇంగ్లండు ప్రభువులు వచ్చారు, సింహాల వేటకు ఇక్కడి నుంచే బయలుదేరారు, సాయంత్రాలు వరండాలో విస్కీ తాగారు. అక్కడితో కథ సమాప్తం. మా ఆఫీసులోని, ఇక్కడి కికుయూ తెగకు చెందిన ఒక మిత్రుడు మాత్రం, 1922లో ఆ వరండాలో కూర్చున్న తెల్లవాళ్లు జనం మీద తుపాకులు పేల్చారని, ఆ సంగతి తమ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుకునేవారని అన్నారు. ఇది చరిత్రా, లేక చెప్పగా చెప్పగా పెరిగిన కథా? ఆఫ్రికా చరిత్ర చదివినవారు ఎవరైనా ఉంటే మొదటి నుంచి వరసగా వివరించగలరా?

లెక్కల_మాస్టారు
ప్రశ్న బాగుంది. హోటల్ చరిత్రలన్నీ వచ్చిన అతిథుల పట్టికలే అవుతాయి. వడ్డించినవారి పేర్లు ఏ పట్టికలోనూ ఉండవు.

పాతకాగితాలు
వరసగా చెప్పమన్నారు కనుక ఊరి దగ్గర నుంచి మొదలుపెడతాను. నైరోబీ పాత నగరం కాదు. మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు వైపు బ్రిటిష్ వారు వేసిన ఉగాండా రైల్వే 1899లో ఇక్కడికి చేరినప్పుడు, ఎత్తైన కొండదారి మొదలయ్యే ముందు ఇంజన్లకూ సామాన్లకూ ఒక మజిలీ కావలసి వచ్చి, ఈ బురద నేలలో డిపో కట్టారు. 1905లో పరిపాలనా కేంద్రాన్ని మొంబాసా నుంచి ఇక్కడికి మార్చారు. ఈ మధ్యలోనే, రైలుకు పెట్టిన ఖర్చు రాబట్టాలంటే తెల్ల రైతులను రప్పించి భూములు ఇవ్వాలని కమిషనర్ చార్లెస్ ఎలియట్ నిర్ణయించారు. ఇంగ్లండు నుంచి, దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఆ సెటిలర్లు తమకు భూమి కేటాయించేదాకా ఎక్కడో ఒకచోట తలదాచుకోవాలి కదా. మేజర్ రింగర్, ఎయిల్మర్ వినియర్ల్స్ అనే ఇద్దరు భాగస్వాములు 1904 డిసెంబరు 25న నార్‌ఫోక్‌ను తెరిచింది ఆ గిరాకీని చూసే. అంటే అది మొదట విలాసం కోసం పుట్టిన హోటల్ కాదు, భూమి కాగితాల కోసం ఎదురుచూసే మనుషుల విడిది. ఆ కేటాయించిన భూమి అప్పటికి ఎవరి సాగులో ఉంది, ఎవరి పశువులు మేసేవి అనేదే తరువాతి కథకంతటికీ మూలం.

ఊళ్లో అది ఒక్కటే హోటల్ కాదు. మేయెన్స్ బెంట్ అనే ఆమె అంతకు ముందే, 1902లో స్టాన్లీ హోటల్ మొదలుపెట్టారు. కాకపోతే బిరుదులున్న పెద్దమనుషులు ఎక్కువగా నార్‌ఫోక్‌లో దిగేవారు కనుక, దానికి ప్రభువుల సభ అనే ముద్దుపేరు వచ్చింది. వారి నాయకుడు లార్డ్ డెలమేర్ గుర్రం మీద భోజనశాలలోకి వచ్చాడని, వీధి దీపాలను తుపాకీతో పగలగొట్టాడని కథలు చెబుతారు. వాటిలో నిజమెంతో గాని, ఆ కథలు చెప్పేవారి గొంతులోని మురిపెం మాత్రం నిజం.

హోటల్_గోపాలం
నేను హోటల్ మేనేజ్‌మెంట్ చదివినవాణ్ని కనుక వ్యాపార కోణం ఒకటి కలుపుతాను. నార్‌ఫోక్ పేరు దేశాలు దాటినది వేట వ్యాపారం వల్లే. న్యూలాండ్ అండ్ టార్ల్టన్ అనే కంపెనీ డేరాలు, తుపాకులు, వంటవాళ్లు, కూలీలు అన్నీ సమకూర్చి వేటయాత్రలు ఏర్పాటు చేసేది. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ వచ్చినప్పుడు ఆయన బృందానికి ఏర్పాట్లు చేసింది వారే. ఆ వార్తలు అమెరికా పత్రికలనిండా వచ్చాక సంపన్నులకు నైరోబీ ఒక తప్పనిసరి మజిలీ అయింది. ఇవాళ మనం చూస్తున్న సఫారీ పర్యాటకానికి ఆ యాత్రే పెద్ద ప్రకటన అనుకోవచ్చు.

లెక్కల_మాస్టారు
ఆ యాత్రలో రూజ్‌వెల్ట్, ఆయన కొడుకు కలిసి చంపిన జంతువులు 512. అది స్మిత్సోనియన్ మ్యూజియం కోసం జరిపిన శాస్త్రీయ సేకరణ అన్నారు. అంత శాస్త్రం మన అడవులకు పట్టలేదు, అదే సంతోషం.

వాణి_కె
మన మహారాజుల వేట లెక్కలు చూసిన తరువాత ఆ మాట మళ్లీ అనండి మాస్టారూ. సరే, ప్రశ్న 1922 గురించి. దాని దగ్గరకు రండి.

రూకల_రాజు
1922కు వెళ్లే ముందు డబ్బు సంగతి చెప్పకపోతే అది అర్థం కాదు. అప్పట్లో తూర్పు ఆఫ్రికాలో చెలామణి అయినది మన రూపాయే. పౌండుకు 15 రూపాయలు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత వెండి ధర పెరగడంతో రూపాయి విలువ కూడా పెరిగింది. రూపాయల్లో అప్పులు తీసుకుని, పౌండ్లలో పంట అమ్ముకునే సెటిలర్లకు ఇది పిడుగుపాటు అయింది. 1920లో రూపాయి విలువను రెండు షిల్లింగుల దగ్గర స్థిరపరిచారు, అంటే పౌండుకు పది రూపాయలే, కనుక వారి అప్పులు పౌండ్ల లెక్కలో సగానికి సగం పెరిగాయి. తరువాత రూపాయిని తీసేసి ఫ్లోరిన్, దాన్నీ తీసేసి షిల్లింగు ప్రవేశపెట్టారు. అదే సమయంలో కాఫీ వంటి ఎగుమతి పంటల ధరలు పడిపోయాయి.

ఈ నష్టం ఎవరి మీదకు తోయాలన్న ప్రశ్నకు సెటిలర్లు సులువైన జవాబు కనుక్కున్నారు. 1921లో ఆఫ్రికన్ కూలీల జీతాల్లో మూడో వంతు కోత పెట్టాలని తీర్మానించారు. మరోవైపు ప్రభుత్వం గుడిసె పన్నును 16 షిల్లింగులకు పెంచింది. పన్ను కట్టాలంటే నగదు కావాలి, నగదు కావాలంటే తెల్లవారి తోటల్లో కూలికి వెళ్లాలి. వీటికి తోడు కిపాండే ఉండేది. ప్రతి ఆఫ్రికన్ పురుషుడూ వేలిముద్రలున్న గుర్తింపు కాగితాన్ని ఒక లోహపు డబ్బాలో పెట్టి మెడకు వేలాడదీసుకుని తిరగాలి. యజమాని సంతకం లేకుండా పని మానేస్తే ఆ కాగితమే పట్టిస్తుంది.

సీమ_పౌరుడు
మెడలో డబ్బా సంగతి ఇంతకుముందు వినలేదు. పశువుకు గంట కట్టినట్టు కట్టారన్నమాట.

పాతకాగితాలు
రూకల రాజు గారు వేసిన పునాది మీద మిగిలినది చెబుతాను.

హ్యారీ తుకు 1895లో కియాంబూ ప్రాంతంలో పుట్టిన కికుయూ యువకుడు. మిషనరీల దగ్గర చదువుకుని, నైరోబీలో ప్రభుత్వ ఖజానా కార్యాలయంలో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసేవాడు. 1921లో యంగ్ కికుయూ అసోసియేషన్ పెట్టి, కొద్ది వారాల్లోనే అది ఒక్క తెగకు పరిమితం కాకూడదని ఈస్ట్ ఆఫ్రికన్ అసోసియేషన్‌గా విస్తరించాడు. జీతాల కోత, పన్ను, కిపాండే, ఆడపిల్లలను బలవంతంగా తోటల పనికి పట్టుకుపోవడం, ఇవే అతను లేవనెత్తిన విషయాలు. చివరిదాని వల్లనే స్త్రీలు అతని వెంట పెద్ద సంఖ్యలో నిలిచారు.

1922 మార్చి 14న అతన్ని అరెస్టు చేశారు. పెట్టిన పోలీసు స్టేషను కింగ్స్‌వే మీద ఉండేది, అంటే నార్‌ఫోక్‌కు ఎదురుగా. మర్నాడు నగరంలో ఇళ్లలో పనిచేసేవాళ్లు, డ్రైవర్లు పని మానేశారు. 16వ తేదీకి స్టేషను ముందు ఏడెనిమిది వేల మంది చేరారు. వారి ప్రతినిధులు కొందరు కెన్యా వలస ప్రభుత్వ కార్యదర్శి చార్లెస్ బౌరింగ్‌ను కలిసి, తుకుకు అన్యాయం జరగదన్న హామీతో తిరిగివచ్చి, జనాన్ని ఇళ్లకు వెళ్లమన్నారు. లంచం తిన్నారా అని జనం నిలదీశారు. అప్పుడు ముతోనీ న్యాంజిరూ అనే స్త్రీ ముందుకు వచ్చి, తన వస్త్రాన్ని తలపైకెత్తి, ఇది మీరు కట్టుకుని మీ ప్యాంట్లు మాకివ్వండి, మీరు పిరికివాళ్లు అని మగవాళ్లను సవాలు చేసింది. ఒక స్త్రీ అలా చేయడం కికుయూ సమాజంలో ఎదుటివారికి భరించరాని అవమానం. స్త్రీలంతా నాలుక ఆడిస్తూ పెద్దగా కేకలు వేస్తూ స్టేషను వైపు తోసుకువెళ్లారు. పోలీసులు కాల్పులు జరిపారు. మొదట పడిపోయినవారిలో ముతోనీ ఉంది. పారిపోతున్న జనం మీద నార్‌ఫోక్ వరండాలో ఉన్న తెల్లవారు కూడా కాల్చారు. మీ మిత్రుడి ఇంట్లో పెద్దవాళ్లు చెప్పినది కల్పన కాదు.

తర్కవాది
ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది. పోలీసుల కాల్పులకు అధికారిక రికార్డు ఉంది. వరండా నుంచి కాల్చారన్నదానికి ప్రధాన ఆధారం ప్రత్యక్ష సాక్షుల మాటలు, ఆ తరువాతి తరాల జ్ఞాపకం. జాతీయోద్యమ కాలంలో ఇటువంటి కథలకు రంగు పూయడం మన దేశంలో కూడా చూశాం. జిన్ గ్లాసు ఒక చేతిలో, తుపాకీ మరొక చేతిలో అన్న చిత్రం మరీ నాటకీయంగా ఉంది. దాన్ని చరిత్రగా చెప్పే ముందు కొంచెం ఆగాలి.

పాతకాగితాలు
తర్కవాది గారూ, గ్లాసు సంగతి నేను చెప్పలేదు. ఆ గ్లాసును మీరే తీసుకొచ్చారు.

ఆధారం విషయానికి వస్తే, అధికారిక రికార్డు రాసినది ఎవరో కూడా చూడాలి. స్టేషనుకూ హోటలుకూ మధ్య ఉన్న బాట మీద జనం ఉన్నారు. స్టేషను వైపు నుంచి కాల్పులు మొదలైతే వారు పరుగెత్తవలసిన దిక్కులలో హోటల్ వైపు ఒకటి. ఆ రోజుల్లో సెటిలర్లు తుపాకీ లేకుండా నైరోబీ వచ్చేవారు కాదు. అక్కడ ఉన్న ఆఫ్రికన్లు వేర్వేరుగా చెప్పిన సాక్ష్యం ఒకే వైపు చూపుతుంది, ఆ కాలం మీద పనిచేసిన చరిత్రకారులు చాలామంది దాన్ని స్వీకరించారు. వరండా తూటాలకు ఎంతమంది చనిపోయారు అని విడిగా అడిగితే మాత్రం, అది తేల్చడం కష్టమన్న మీ మాటతో ఏకీభవిస్తాను.

లెక్కల_మాస్టారు
మొత్తం మృతులు ఎందరు?

పాతకాగితాలు
ప్రభుత్వం ఒప్పుకున్నది 21. చాలా చరిత్ర రచనల్లో 25 అని కనిపిస్తుంది. మార్చురీలో లెక్కపెట్టిన శవాలు 56 అని తుకు సంఘంవారు చెప్పుకున్నారు. జలియన్‌వాలాబాగ్ లెక్కల మీద ఇవాళ్టికీ ఉన్న తేడా చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు.

వాణి_కె
1919 తరువాత మూడేళ్లకే. ఇంకొకటి గమనించారా? నార్‌ఫోక్ గురించిన వ్యాసాల్లో చర్చిల్ పేరు తప్పకుండా వస్తుంది, ఆయన 1907లో ఆ ప్రాంతానికి వచ్చారు కనుక. ఈ కాల్పులు జరిగిన రోజున లండన్‌లో వలసల మంత్రి కూడా ఆయనే. మొదటి సంగతి రాసినవారు రెండవది రాయరు.

తర్కవాది
ఆ పరిశీలన బాగుంది, కాదనను.

డర్బన్_రావు
ఈ కథలో భారతీయుల పాత్ర గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో పుట్టినవాణ్ని. మా పూర్వీకులు మద్రాసు రేవు నుంచి చెరకు తోటలకు వచ్చిన తెలుగువారు. అందుకే కొందరు ఉగాండా రైల్వే వేసినవారిలో కూడా మనవాళ్లు ఉన్నారని గొప్పగా చెబుతుంటే విని ఊరుకోలేను. ఆ రైలు పనికి తీసుకువెళ్లిన సుమారు 32,000 మందిలో అత్యధికులు పంజాబు నుంచి, కరాచీ రేవు మీదుగా వెళ్లినవారు. దాదాపు 2,500 మంది ఆ పనిలోనే చనిపోయారు. నటాల్ చరిత్ర వేరు, కెన్యా చరిత్ర వేరు.

ఇక తుకు విషయానికి వస్తే, అతనికి అండగా నిలిచినవారిలో ముఖ్యుడు మణిలాల్ దేశాయ్ అనే గుజరాతీ. ఈస్ట్ ఆఫ్రికన్ క్రానికల్ అనే పత్రిక నడిపేవాడు. తుకు సంఘం కరపత్రాలకు, ఉత్తరాలకు ఆ పత్రిక కార్యాలయమే ఆధారం. భారతీయులు మాకు హాని చేసేవారు కాదు, మిషనరీల తరువాత వారే మాకు మిత్రులు అనే అర్థంలో తుకు 1921లో లండన్‌కు తంతి పంపితే, సెటిలర్లు మండిపడ్డారు. ఈ అలజడి అంతా భారతీయులు ఎగదోసిందేనని ప్రచారం చేశారు. ఆఫ్రికన్లకు సొంత బుర్ర ఉంటుందని ఒప్పుకోవడం వారికి అంత కష్టమైంది.

సీమ_పౌరుడు
మరి ఆ దేశాయ్ గారు నార్‌ఫోక్‌కు వెళ్లి ఒక టీ తాగగలిగేవారా?

డర్బన్_రావు
అతిథిగా వెళ్లగలిగేవారు కాదు. వలస కాలంలో నైరోబీ పెద్ద హోటళ్లు, క్లబ్బులు తెల్లవారివే. ఆఫ్రికన్ స్టాండర్డ్ అనే పత్రికను 1902లో మొంబాసాలో మొదలుపెట్టినది జీవన్‌జీ అనే భారతీయ వ్యాపారి. 1906లో నైరోబీకి ఉద్యానవనం ఇచ్చినది కూడా ఆయనే. తోట ఇచ్చినవారికి భోజనశాలలో కుర్చీ దొరకని ఊరు అది. మూడు జాతులవారూ కలిసి కూర్చోవడానికి 1946లో యునైటెడ్ కెన్యా క్లబ్ అని ఒకటి ప్రత్యేకంగా పెట్టుకోవలసి వచ్చింది.

రూకల_రాజు
భారతీయుల పాత్రను మరీ తెల్లగా చిత్రించకండి. మన వ్యాపారులు అడిగినది ప్రధానంగా తెల్లవారితో సమానమైన ఓటు, ఎత్తైన ప్రాంతాల్లో భూమి కొనే హక్కు. ఆ భూమి కికుయూలది, మసాయిలది అన్న వాదన వారి మహజర్లలో ఎంత ఉంది? దేశాయ్ మినహాయింపు.

డర్బన్_రావు
ఒప్పుకుంటాను, కాని ఆ సమానత్వపు కోరికకే సెటిలర్లు ఏం చేయబోయారో చూడండి. భారతీయులకు సమాన ఓటు ఇస్తే గవర్నర్‌ను అపహరించి అధికారం చేజిక్కించుకోవాలని 1922-23లో పథకం వేసుకున్నారు. 1923 జూలైలో బ్రిటిష్ ప్రభుత్వం వెలువరించిన డెవన్‌షైర్ శ్వేతపత్రం, కెన్యాలో ఆఫ్రికన్ల ప్రయోజనాలే సర్వోన్నతమని ప్రకటిస్తూనే, భారతీయులకు శాసన మండలిలో 5 స్థానాలు, తెల్లవారికి 11 ఇచ్చి, ఎత్తైన భూములను తెల్లవారికే ఉంచింది. దాంతో వారి పథకం అవసరం తీరిపోయింది. రాజద్రోహానికి సిద్ధమైనవారి మీద ఒక్క తూటా పేలలేదు. నాయకుణ్ని వదలమని అడిగినవారి మీద ఏడాది ముందే పేలాయి.

నైరోబీ_ప్రవాసి
అడిగినదానికంటే ఎక్కువే తెలిసింది. తుకును తరువాత ఏం చేశారు? హోటల్ చేతులు ఎప్పుడు మారింది? 1980లో బాంబు పేలిందని కూడా ఎక్కడో చదివాను.

పాతకాగితాలు
తుకును విచారణ లేకుండానే కిస్మాయూకు పంపారు. ఇప్పుడది సోమాలియాలో ఉంది, అప్పుడు కెన్యాలో భాగం. అటు తరువాత మరికొన్ని చోట్లకు మార్చి, 1930 చివరిదాకా నిర్బంధంలో ఉంచారు. కాల్పుల తరువాత పన్నును 16 షిల్లింగుల నుంచి 12కు తగ్గించారు. అంటే జనం అడిగినది అన్యాయం కాదని సర్కారుకు తెలుసు.

హోటల్_గోపాలం
యాజమాన్యం సంగతి నేను చెబుతాను. లిథువేనియా నుంచి దక్షిణాఫ్రికా మీదుగా 1903లో వచ్చిన అబ్రహాం బ్లాక్ అనే యూదు సెటిలర్, చిన్నచిన్న పనులతో మొదలుపెట్టి 1927లో నార్‌ఫోక్‌ను కొన్నారు. తరువాత ఆ కుటుంబం న్యూ స్టాన్లీని కూడా తీసుకుంది. అలా ఊళ్లోని రెండు పాత ప్రత్యర్థులూ ఒకే గొడుగు కిందకు వచ్చాయి. తదనంతరం నార్‌ఫోక్ లోన్రో అనే కంపెనీ చేతికి, 2005లో ఫెయిర్‌మాంట్ అనే హోటళ్ల సంస్థ చేతికి వెళ్లింది. ఫెయిర్‌మాంట్ ఇప్పుడు ఆకోర్ సంస్థలో భాగం.

బాంబు 1980 డిసెంబరు 31 రాత్రి, కొత్త సంవత్సరపు విందు కోసం జనం చేరినప్పుడు పేలింది. భోజనశాల ఉన్న భాగం కూలిపోయింది. సుమారు 20 మంది చనిపోయారు, 80 మందికి పైగా గాయపడ్డారు. 1976లో ఎంటెబ్బే విమానాశ్రయం నుంచి బందీలను విడిపించిన ఇజ్రాయెలీ విమానాలకు నైరోబీలో ఇంధనం నింపుకోనిచ్చినందుకు ప్రతీకారమని, బ్లాక్ కుటుంబం యూదులు కావడం కూడా ఒక కారణమని భావించారు. పోలీసులు అనుమానించిన అతిథి పేలుడుకు ముందే దేశం దాటిపోయాడు. అనుమానం మోపబడిన పాలస్తీనా సంస్థ తమకు సంబంధం లేదంది.

గోదారి_గట్టు
మా పెదనాన్నగారు 1970లలో కెన్యాలో ఒక సెకండరీ స్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఆయన కాలానికి మనవాళ్లు నార్‌ఫోక్‌లోకి వెళ్లకూడదన్న నియమం ఏమీ లేదు, జీతమే వెళ్లనిచ్చేది కాదు. ఒకసారి ఎవరో తీసుకువెళితే వెళ్లి, బిల్లు చూసి, తెల్లవాళ్లు వెళ్లిపోయినా రేట్లు వెళ్లలేదని నవ్వారట.

వాణి_కె
రేట్లే కాదు, పేర్లు కూడా వెళ్లలేదు. స్వాతంత్ర్యం వచ్చాక నైరోబీ నడిబొడ్డున ఉన్న డెలమేర్ విగ్రహాన్ని తీసేశారు, డెలమేర్ అవెన్యూకు తొలి అధ్యక్షుడు కెన్యాట్టా పేరు పెట్టారు. హోటల్ వరండాకు మాత్రం లార్డ్ డెలమేర్ టెర్రస్ అనే పేరు దశాబ్దాలపాటు కొనసాగింది. వీధికి తుకు పేరు, వీధిని చూస్తూ కూర్చునే అరుగుకు డెలమేర్ పేరు. ముతోనీ పేరు ఆ రెండింటిలోనూ లేదు.

హోటల్_గోపాలం
వ్యాపారికి పేరు మార్చడం అంత సులభం కాదండీ. పర్యాటకులు డబ్బు పెట్టేది ఆ పాతవాసన కోసమే. పెరట్లో ఎడ్ల బండి, రిక్షా అందుకే అలంకరించి పెట్టారు.

లెక్కల_మాస్టారు
రిక్షా పక్కన ఒక చిన్న పలక కూడా పెట్టవచ్చు. 1907 మార్చిలో సెటిలర్ల నాయకుడు ఎవార్ట్ గ్రోగన్, తెల్ల స్త్రీలు ఎక్కిన రిక్షాను అమర్యాదగా లాగారన్న నెపంతో ముగ్గురు కికుయూ రిక్షావాళ్లను నైరోబీ కోర్టు ముందే, అందరూ చూస్తుండగా కొరడాతో కొట్టాడు. పడిన శిక్ష నెల రోజుల జైలు.

సీమ_పౌరుడు
ఆ గ్రోగనే తరువాత టోర్స్ హోటల్ కట్టించాడు కదా. నైరోబీలో కొరడా పట్టినవాళ్లే చివరికి పరుపులు పరిచారన్నమాట.

తర్కవాది
వాణి గారి వాదనకు ఒక చిక్కు ఉంది. వీధికి పేరున్న తుకు కూడా చివరిదాకా 1922 నాటి తుకుగా ఉండిపోలేదు. విడుదలయ్యాక మితవాది అయ్యాడు, 1950లలో బ్రిటిష్ పాలన మీద జరిగిన మౌ మౌ సాయుధ తిరుగుబాటును బహిరంగంగా ఖండించాడు, కాఫీ సాగుతో సంపన్నుడయ్యాడు. మౌ మౌ కుటుంబాలలో ఆయన్ను వీరుడిగా ఒప్పుకోనివారు ఉన్నారు. డెలమేర్ పేరు తీయాలంటే, తుకు పేరు మీద కూడా చర్చ తప్పదు.

వాణి_కె
ఎనిమిదేళ్లకు పైగా విచారణ లేని నిర్బంధం అనుభవించిన మనిషి మెత్తబడితే, దాన్ని వేల ఎకరాలు పొందిన ప్రభువు పక్కన పెట్టి తూచలేను. కాఫీ అన్నారు కనుక చెబుతున్నాను, చాలాకాలంపాటు ఆఫ్రికన్లు కాఫీ పండించడానికే అనుమతి ఉండేది కాదు. తమ కూలీలు తమకు పోటీ రైతులు కాకూడదని సెటిలర్లు పట్టుబట్టారు. అటువంటి పంటను పండించి చూపడం కూడా ఒక జవాబే.

తర్కవాది
అది మీ అభిప్రాయం. మౌ మౌలో కొడుకును పోగొట్టుకున్న తల్లిని అడిగితే వేరేగా చెబుతుంది.

నైరోబీ_ప్రవాసి
ఈ చర్చ సారాంశాన్ని మా కికుయూ మిత్రుడికి చెప్పాను. తుకు విషయంలో ఆయన తర్కవాది గారి వైపు, వరండా విషయంలో పాతకాగితాలు గారి వైపు. ఆ స్టేషను ఇప్పటి సెంట్రల్ పోలీస్ స్టేషనేనా? హోటలుకు ఎదురుగా అయితే నేషనల్ థియేటర్, విశ్వవిద్యాలయం కనిపిస్తున్నాయి.

పాతకాగితాలు
అవును, సెంట్రల్ పోలీస్ స్టేషనే. థియేటర్ 1952లో తెరిచినది, కనుక దాన్ని మనసులో తీసేసి చూడండి. విశ్వవిద్యాలయ భవనాలు కూడా 1922 తరువాతివే. హోటల్ ముందు నిలబడి స్టేషను వైపు చూస్తే దూరం ఎంత తక్కువో మీకే తెలుస్తుంది. స్టేషను ఫోటోలు మాత్రం తీయకండి, పోలీసులు ఒప్పుకోరు.